ఆసుపత్రిలో తోటివారి ఆసరా: రిజిస్టరు ఎందుకు వద్దంటాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ముందుగా రాస్తాను, పొరపాటు ఉంటే సరిదిద్దండి. మీరు విజయవాడలో 250 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ ఇన్‌చార్జి సిస్టర్. ఆరు వారాల క్రితం నైట్ డ్యూటీలో ఉన్న ఒక సిస్టర్ 20 యూనిట్ల ఇన్సులిన్ ఇవ్వవలసిన రోగికి 50 యూనిట్లు ఇచ్చింది. తెల్లవారుజామున ఆయన షుగర్ 38కి పడిపోతే డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్) ఇచ్చి కాపాడుకున్నారు, వారం తిరగకుండా ఆయన ఇంటికి వెళ్లిపోయారు. ఆ సిస్టర్ మాత్రం ఇంకా ఆ రాత్రిలోనే ఉండిపోయింది. డ్యూటీకి వస్తోంది, పని చేస్తోంది, ఎవరితోనూ మాట్లాడడం లేదు, రెండుసార్లు రాజీనామా రాసి తానే చింపేసింది. ఇది చూసి మీ యాజమాన్యం ఉద్యోగులకు రహస్యంగా అండగా నిలిచే తోటివారి బృందం ఒకటి పెట్టాలని నిర్ణయించి, నడిపే బాధ్యత మీకు అప్పగించింది. ఎవరిని తీసుకోవాలి, ఏమి రాసి ఉంచాలి, ఎంతవరకు రహస్యం, హెచ్‌ఆర్ వాళ్లు నెలనెలా అడుగుతున్న నివేదికలో ఏముండాలి అన్నవి మీ సందేహాలు.

నేను 31 ఏళ్లు నర్సింగ్‌లో ఉండి నర్సింగ్ సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. చివరి ఎనిమిదేళ్లు ఇటువంటి బృందాన్నే నడిపాను, అందులో మొదటి ఏడాది దాన్ని దాదాపు చంపుకున్నాను కూడా. అందువల్ల మీ నాలుగు ప్రశ్నల్లో నివేదిక గురించి అడిగినదానితో మొదలుపెడతాను. మిగిలిన మూడింటి జవాబులు దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మేము బృందం పెట్టినప్పుడు ఎనిమిది మందిని ఎంచుకున్నాం. అందరూ నోరు జారని మనుషులు, ఆ విషయంలో నేను ఈరోజుకీ పూచీ పడతాను. నా అలవాటు కొద్దీ ఒక పొడుగాటి రూళ్ల పుస్తకం తెప్పించి, తేదీ, షిఫ్టు, వార్డు, ఎంతసేపు మాట్లాడారు, ఏ రకం సమస్య అని గళ్లు కొట్టించాను. పేరు రాసే గడి లేదు కాబట్టి రహస్యానికి లోటు లేదనుకున్నాను. నెలాఖరున ఆ పుస్తకం చూసి లెక్క తీసి పైకి పంపేదాన్ని. నాలుగో నెలలో ఒక పాలనాధికారి ఆ లెక్క చూసి, హెచ్‌డీయూలో (ఐసీయూకు ఒక మెట్టు కింద ఉండే వార్డులో) నైట్ డ్యూటీకి ఉండేదే నలుగురు సిస్టర్లు, వారిలో ఇద్దరు ఆ వారం సెలవులో ఉన్నారు, మూడో ఆమె ఎవరినీ లెక్కచేసే రకం కాదు, అంటే నాలుగో ఆమే అని వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారట. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, ఎంతో ప్రేమగా, "నువ్వు కౌన్సెలింగ్‌కి వెళ్తున్నావట కదా, ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అని అడిగారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో అడగలేదు. ఆమెతో మాట్లాడిన మా సభ్యురాలు ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. గుట్టు బయటపెట్టింది నేను కొట్టించిన గళ్లు. ఆ తరువాత ఐదు నెలలపాటు మాకు ఒక్క పిలుపు కూడా రాలేదు, ఆ అమ్మాయి ఆరో నెలలో ఉద్యోగం మానేసింది.

అందుకే చెబుతున్నాను, మంచి మనుషులను ఎంచుకున్నాం కాబట్టి రహస్యం నిలుస్తుందని ధీమా పడకండి. ఏ కాగితం పుడుతుంది, అది ఎవరి బీరువాలో ఉంటుంది, ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఆ సమయానికి వార్డులో ఎవరి బదులు ఎవరు నిలబడతారు అన్న ఏర్పాటును బట్టి రహస్యం నిలుస్తుంది, లేదా పోతుంది. మీరు రిజిస్టరు పెట్టవద్దు. ఒక్కో సభ్యురాలు మూడు నెలలకొకసారి "నేను ఇంతమందితో మాట్లాడాను, ఇంతమందిని డాక్టర్ దగ్గరకు వెళ్లమని సూచించాను" అని రెండు అంకెలు నోటితో చెబితే, ఒక్కో అంకెను విడిగా కూడి ఆసుపత్రి మొత్తానికి రెండే అంకెలుగా పైకి పంపండి. వార్డుల వారీగా, షిఫ్టుల వారీగా, హోదాల వారీగా విడగొట్టవద్దు. ఏ మొత్తమైనా ఐదుకు మించకపోతే "ఐదు లేదా అంతకంటే తక్కువ" అని మాత్రమే రాయండి. హెచ్‌ఆర్ వాళ్లు నెలనెలా కావాలని పట్టుబడితే, బృందం మొదలయ్యే ముందే యాజమాన్యం చేత సంతకం చేయించిన ఒక పేజీ ఒప్పందం చూపించండి. అందులో ఈ బృందం దగ్గర పుట్టిన సమాచారాన్ని మెమోకు, ఇంక్రిమెంటుకు, బదిలీకి, విచారణకు దేనికీ అడగబోమని, అడిగినా ఇవ్వనందుకు సభ్యుల మీద చర్య ఉండదని స్పష్టంగా ఉండాలి. ఆ పేజీ మీద సంతకం పడనంతవరకు బృందం పెట్టవద్దని నా సలహా. లేని బృందం వల్ల ఎవరికీ నష్టం ఉండదు గాని, నమ్మించి బయటపెట్టిన బృందం వల్ల ఉన్న కొద్దిపాటి నమ్మకం కూడా పోతుంది.

వాట్సాప్ గ్రూపు గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తాను, ఎందుకంటే ఈ రోజుల్లో ఏ పని మొదలుపెట్టినా ముందు గ్రూపు పుడుతుంది. సభ్యులు తమలో తాము డ్యూటీలు సర్దుకోవడానికి గ్రూపు ఉండవచ్చు. "మూడో అంతస్తులో ఒకరికి అవసరం, ఎవరైనా వెళ్తారా" అనే సందేశం మాత్రం అందులో పడకూడదు. అది కూడా ఒక రిజిస్టరే, పైగా పన్నెండు ఫోన్లలో ఉండే రిజిస్టరు.

ఇక పేరు. దయచేసి దీన్ని కౌన్సెలింగ్ అనకండి. మన పత్రికల్లో పోలీసులు ఆకతాయిలను స్టేషన్‌కు పిలిచి గట్టిగా మందలిస్తే "కౌన్సెలింగ్ ఇచ్చి పంపారు" అని రాస్తారు, ఇంజనీరింగ్ సీట్లు పంచినా అదే మాట. మన ఆసుపత్రుల్లో కూడా మేడమ్ గదిలో నిలబెట్టి చివాట్లు పెట్టాక ఫైలులో "కౌన్సెలింగ్ ఇవ్వడమైనది" అని రాయడం మీరూ చూసే ఉంటారు. ఆ పేరు పెడితే పిలుపు రాకముందే తలుపు మూసినట్టు. మేము చివరికి "తోడు" అని పెట్టుకున్నాం. ఆయమ్మల దగ్గర నుంచి అనస్తీషియా డాక్టర్ వరకు అందరూ పలికారు.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో క్లుప్తంగా చెబుతాను, మీ యాజమాన్యం ముందు మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. వైద్యంలో పొరపాటు జరిగినప్పుడు రోగి తరువాత దెబ్బతినే రెండో మనిషి ఆ పొరపాటులో చేయి ఉన్న డాక్టరో నర్సో అని 2000లో ఆల్బర్ట్ వూ అనే అమెరికన్ వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. సెకండ్ విక్టిమ్ (రెండో బాధితుడు) అన్న మాట అక్కడి నుంచి వ్యాపించింది. 2009లో అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయ ఆసుపత్రికి చెందిన సూసన్ స్కాట్, ఆమె సహచరులు ఇలాంటి అనుభవం ఉన్న 31 మందితో మాట్లాడి, వాళ్లు దాటే దశలను వివరించారు. మొదట గందరగోళం, తరువాత జరిగినది పదే పదే కళ్లముందు తిరగడం, తోటివారి నమ్మకం తిరిగి సంపాదించుకోవాలన్న ఆరాటం, విచారణను భరించడం, ఎవరో ఒకరి దగ్గర మనసు విప్పుకోవడం, ఆపైన ఉద్యోగమో వృత్తో వదిలేయడం గాని, ఎలాగో నెట్టుకురావడం గాని, నిలదొక్కుకుని ముందుకు సాగడం గాని. మీ సిస్టర్ రాజీనామా రాసి చింపడం ఆ చివరి మలుపు దగ్గర ఆమె అటూ ఇటూ ఊగుతోందనడానికి గుర్తు అని నేను అనుకుంటున్నాను. అదే ఆసుపత్రిలో వాళ్లు మూడు అంచెల పద్ధతి పెట్టారు. మొదటి అంచెలో అదే వార్డులోని వాళ్లు చెప్పే నాలుగు మాటలు, రెండో అంచెలో శిక్షణ పొందిన తోటి ఉద్యోగులు, మూడో అంచెలో మానసిక వైద్య నిపుణులు. ఎక్కువమందికి మొదటి అంచెతోనే సరిపోతుందన్నది వారి అంచనా, నా అనుభవమూ అదే. జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో 2011లో ఇటువంటి బృందమే మొదలైంది.

అయితే సెకండ్ విక్టిమ్ అన్న మాటను మీ గోడపత్రికల మీద వాడకండి. వైద్య పొరపాట్ల వల్ల ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబాల వారు 2019లో అదే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ మాటను వదిలేయమని కోరారు. వారి బాధలో న్యాయం ఉంది. మీ విషయంలో మంచం మీద పడుకుని షుగర్ 38కి దిగిన పెద్దాయనకు, ఆయన భార్యకు జరిగినది ఏమిటో మీ ఆసుపత్రి చెప్పిందా? ఇది మీరు అడిగిన ప్రశ్న కాదని తెలుసు. కాని ఆ కుటుంబానికి నిజం చెప్పకుండా దాచిన చోట, ఆ దాచడం కూడా తన నెత్తిన వేసుకుని తిరుగుతున్న సిస్టర్లను నేను చూశాను. అటువంటివారికి ఏ తోడూ సరిపోదు.

ఎవరిని తీసుకోవాలన్న ప్రశ్నకు జవాబు చిన్నది. మీరు ఎంచుకోవద్దు. ఒక చీటీ మీద "డ్యూటీలో మనసు విరిగే సంగతి జరిగితే ఈ ఆసుపత్రిలో ఎవరితో చెప్పుకుంటారు?" అని అడిగి రెండు పేర్లు రాయమనండి, తమ పేరు రాయనక్కరలేదు. మేము మొదట మనుషులను మేమే ఎంచుకున్నా, తరువాత ఇలా అడిగినప్పుడు అందరికంటే ఎక్కువ చీటీలు వచ్చినది డయాలసిస్ యూనిట్‌లో పనిచేసే ఒక టెక్నీషియన్‌కు, ఆ తరువాత రాత్రి గేటు దగ్గర ఉండే సెక్యూరిటీ సూపర్‌వైజర్‌కు. అప్పుడు కూడా నేనే ఎంచుకుని ఉంటే వాళ్లిద్దరూ నా జాబితాలో ఉండేవారు కాదు. 250 పడకలకు పది పన్నెండు మంది చాలు, వారిలో కనీసం నలుగురు ఎక్కువగా నైట్లు చేసేవారై ఉండాలి. మలయాళం మాట్లాడే సిస్టర్లు మీ దగ్గర ఉంటే వారిలో ఒకరు తప్పకుండా ఉండాలి, ఎందుకంటే ఏడుపు వచ్చేది సొంత భాషలోనే. ఇతరుల సెలవు మంజూరు చేసేవారు, పనితీరు మీద మార్కులు వేసేవారు, విచారణ కమిటీలో కూర్చునేవారు సభ్యులు కాకూడదు. ఆ లెక్కన మీరూ కాకూడదు, దాని గురించి చివర్లో చెబుతాను.

శిక్షణకు రెండు రోజులు కావాలి, మానసిక వైద్యులో క్లినికల్ సైకాలజిస్టో ఇవ్వాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో చూడడం, వినడం, కలపడం అని మూడు పనులు చెప్పారు. మన పనికి అంతకు మించిన సిద్ధాంతం అక్కరలేదు. కాని చెప్పినంత తేలికగా చేయడం కుదరదు, ఎందుకంటే మనకు వినడం అలవాటు లేదు, ఓదార్చడం అలవాటు. "పోనీలే, అందరికీ జరిగేదే", "మర్చిపో", "పేషెంట్ బాగానే ఉన్నాడుగా, ఇంకెందుకు బాధ", "దేవుడే కాపాడాడు". ఈ నాలుగు మాటలూ ప్రేమతో వచ్చేవే, నాలుగూ ఎదుటి మనిషి నోరు మూయించేవే. రోగి బతికాడుగా అన్నప్పుడు, బతకకపోయి ఉంటే అన్న ఆలోచనతో ఆమె ఆరు వారాలుగా నిద్రపోవడం లేదన్న సంగతి ఇక చెప్పుకునే వీలుండదు.

ఒక సంభాషణ ఎలా ఉంటుందో, మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతాను. లినెన్ గదిలో ఉతికి వచ్చిన దుప్పట్ల కట్టల మీద ఇద్దరం కూర్చున్నాం, గదిలో బ్లీచింగ్ వాసన. ఆ గది ఎంచుకోవడానికి కారణం, అక్కడికి ఎవరు ఎప్పుడు వెళ్లినా ఎవరూ ఎందుకని అడగరు. ఫ్లాస్కులో తెచ్చిన టీ రెండు గ్లాసుల్లో పోశాను. ఆమె పదకొండు నిమిషాలు మాట్లాడలేదు, గోడ గడియారం ఎదురుగా ఉంది కాబట్టి తెలుసు. మాస్కు తాడును వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. నేను అడిగినది ఒక్కటే, "రాత్రి అన్నం తిన్నావా?" అని. తినలేదని తల ఊపి, కాసేపాగి, "మేడమ్, అమ్మకి చెప్పలేదు. నేను నర్సునని ఊరందరికీ చెప్పుకుంటుంది" అంది. ఆ మాట తరువాత ఇరవై నిమిషాలు తానే మాట్లాడింది. నేను చేసినదల్లా టీ చల్లారిపోయిందని గుర్తు చేయకుండా ఉండడమే.

ఇందులో ఒక ముఖ్యమైన నియమం ఉంది. "ఏం జరిగింది?" అని అడగకూడదు. "అప్పటి నుంచి మీకెలా ఉంది?" అని అడగాలి. ఏ మందు, ఎన్ని గంటలకు, ఎవరు ఆర్డరు రాశారు, ఎవరు చూసి సంతకం పెట్టారు అన్న వివరాలు తోటి సభ్యురాలికి అక్కరలేదు, తెలియకపోవడమే అందరికీ మంచిది. దీనికి చట్టపరమైన కారణం ఉంది. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో న్యాయవాదితో చెప్పుకున్న మాటలకు, భార్యాభర్తల మధ్య మాటలకు రక్షణ ఉంది. తోటి ఉద్యోగితో లినెన్ గదిలో చెప్పుకున్న మాటలకు అటువంటి రక్షణ లేదు. రేపు వినియోగదారుల కమిషన్‌లోనో కోర్టులోనో కేసు నడిచి సభ్యురాలిని సాక్షిగా పిలిస్తే ఆమెకు అబద్ధం చెప్పడం కుదరదు, చెప్పకూడదు కూడా. ఆమెకు తెలిసినది "ఆ అమ్మాయి నిద్రపోవడం లేదు" అన్నంతవరకే అయితే, ఎవరికీ ఇబ్బంది ఉండదు. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్తే పరిస్థితి వేరు. అక్కడ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ చికిత్స వివరాలకు గోప్యత హక్కు ఇస్తుంది, దానికీ కొన్ని మినహాయింపులు ఉన్నా సరే. ఈ తేడాను సభ్యులందరికీ శిక్షణలోనే చెప్పండి.

అందువల్ల "మీరేం చెప్పినా నా కడుపులోనే ఉంటుంది" అని ఎవరూ మాట ఇవ్వకూడదు. కూర్చున్న మొదటి నిమిషంలోనే, టీ పోయకముందే, ఎంతవరకు రహస్యమో చెప్పాలి. మేము వాడిన వాక్యం ఇది: "మీరు చెప్పినది నేను రాసుకోను, ఎవరికీ చెప్పను. మీ ప్రాణానికి గాని ఇంకొకరి ప్రాణానికి గాని ప్రమాదం ఉందని అనిపిస్తే మాత్రం ఒక్కదాన్నే మోయలేను, అప్పుడు ఎవరికి చెబుతున్నానో ముందు మీకే చెప్పి చెబుతాను." దీనికి మరొకటి చేర్చాలి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం ఆ సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయవలసిందే, తెలియజేయకపోవడం నేరం. వార్డులో రోగులకు ఇంకా కొనసాగుతున్న ప్రమాదం, అంటే మత్తులో డ్యూటీ చేయడం, పెథిడిన్ వంటి మత్తు మందులు దారి మళ్లించడం వంటివి బయటపడినా మౌనంగా ఉండడం కుదరదు. ఇలా ముందే హద్దులు చెబితే ఎవరూ నోరు విప్పరేమోనని నేను మొదట్లో భయపడ్డాను. జరిగినది తలకిందులు. హద్దు వినగానే, దాని లోపల ఉన్నదంతా నిజంగానే భద్రమని వాళ్లకు నమ్మకం కలిగింది.

ప్రాణం మీదకు వచ్చిందా అన్న అనుమానం ఉంటే సూటిగానే అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం నర్సులకు కూడా ఉంది, అది నిజం కాదు. అవునంటే ఆ రాత్రి ఆమెను ఒంటరిగా హాస్టల్ గదికి పంపకూడదు, మీ ఆసుపత్రిలోని మానసిక వైద్యుడినో, లేకపోతే దగ్గరలో ఉన్నవారినో అదే రోజు కలిపించాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ సేవ పగలూ రాత్రీ తెలుగులో అందుబాటులో ఉంటుంది, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించినది, ఉచితం. ఆ నంబరు సభ్యుల ఐడీ కార్డు వెనుక అతికించండి.

లైంగిక వేధింపుల విషయం వచ్చినప్పుడు బృందం మరింత జాగ్రత్తగా ఉండాలి. సర్జన్ గారు చేయి వేశారని ఒక ఓటీ సిస్టర్ వచ్చి చెప్పుకుంటే, మన పెద్దరికపు అలవాటు కొద్దీ "నేను మాట్లాడతాలే, గొడవెందుకు" అనబుద్ధేస్తుంది. ఆ మాట అనకూడదు. పని చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతి చోటా ఇటువంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, తగిన కారణం ఉంటే కమిటీ మరో మూడు నెలలు గడువు ఇవ్వగలదు. రాజీ కూడా బాధితురాలు తానుగా కోరితేనే, కమిటీ ద్వారానే జరగాలి, డబ్బుతో కుదుర్చుకునే రాజీ చెల్లదు. తోటి సభ్యురాలి పని గడువు సంగతి చెప్పడం, కమిటీలో ఎవరున్నారో తెలియజేయడం, ఆమె ఫిర్యాదు రాసుకుంటానంటే పక్కన కూర్చోవడం, రాయనంటే ఆ నిర్ణయాన్ని గౌరవించడం. ఓదార్పులోనే మూడు నెలలు గడిచిపోయి, చివరకు చట్టం తలుపు మూసుకుపోయిన సందర్భం ఒకటి నాకు తెలుసు. ఆ ఓదార్పు ఆమెకు మేలు చేసిందని నేను అనుకోను.

రోగి బంధువులు సిబ్బంది మీద చేయిచేసుకున్న సందర్భాలకూ ఇదే వర్తిస్తుంది. వైద్య సిబ్బంది మీద దాడులను అరికట్టడానికి మన రాష్ట్రంలో 2008లో వచ్చిన చట్టం ప్రకారం అది కేసు అవుతుంది, ఆ కేసు పెట్టవలసింది ఆసుపత్రి. "కేసెందుకు, కాసేపు తోడుతో మాట్లాడుకో" అని దెబ్బ తిన్న మనిషిని మన దగ్గరకు పంపి చేతులు దులుపుకుంటే, తరువాత మన బృందం యాజమాన్యం తన తప్పులు తుడుచుకునే గుడ్డ అవుతుంది.

ఒక తప్పు చేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. పెద్ద సంఘటన జరగగానే వార్డు సిబ్బంది అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి చేత తమ అనుభవం చెప్పించే పద్ధతి ఒకటి ఉంది, కార్పొరేట్ శిక్షకులు దీన్ని ఉత్సాహంగా అమ్ముతారు. ఒక్కొక్కరితో విడిగా, ఒకే విడతలో జరిగినది చెప్పించే మానసిక డీబ్రీఫింగ్ వల్ల కూడా ఆ తరువాతి మానసిక గాయం తగ్గుతుందనడానికి ఆధారం లేదని, కొందరికి హాని కూడా జరగవచ్చని వైద్య పరిశోధనలను కలిపి చూసే 2002 నాటి కోక్రేన్ సమీక్ష తేల్చింది, తప్పనిసరి డీబ్రీఫింగ్ ఆపాలని కూడా చెప్పింది. వద్దన్నవాడిని మాట్లాడించకూడదన్నది మన అమ్మమ్మలకు కూడా తెలుసు. జరిగినదాంట్లో వైద్యపరంగా ఏం నేర్చుకోవాలి అన్న సమావేశం వేరు, అది జరగాలి, కాని అది వేరే గదిలో, వేరే మనుషులతో జరగాలి.

ఎప్పుడు పలకరించాలన్నది కూడా ముఖ్యమే. మొదటి ఒకటి రెండు రోజుల్లో ఒకసారి, ఆ తరువాత అవసరం ఎక్కువగా పడేది మనం ఊహించని రోజుల్లో. ఎక్స్‌ప్లనేషన్ కాగితం చేతికి అందిన రోజు, సమీక్షా సమావేశం ముందు రాత్రి, అదే మంచం మీద కొత్త రోగికి మళ్లీ ఇన్సులిన్ ఇవ్వవలసి వచ్చిన మొదటిసారి, లాయరు నోటీసు వచ్చిన రోజు. ఆరు వారాలు గడిచాయి కాబట్టి మీ సిస్టర్ విషయంలో సమయం దాటిపోయిందనుకోకండి. ఆమె కోరకుండా ఆమెను ఐసీయూ నుంచి జనరల్ వార్డుకు మార్చవద్దు. విశ్రాంతి ఇద్దామని మీరు మార్చినా, శిక్ష అని ఆమెకూ మిగిలినవారికీ అనిపిస్తుంది. ముందు అడగండి, వెళ్తానంటే పంపండి.

ఇంకొక మాట, బృందానికి సంబంధం లేనిదే గాని చెప్పకుండా ఉండలేను. 20కి బదులు 50 ఎలా అయిందో మీరు రాయలేదు, కాని ఆ అంకెలే చెబుతున్నాయి. మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉండే ఇన్సులిన్‌ను 40 గుర్తుల సిరంజిలో 20 గీత దాకా తీస్తే అర మిల్లీలీటరు వస్తుంది, అందులో ఉండేది సరిగ్గా 50 యూనిట్లు. ఎర్ర మూత (40 రకం) సిరంజీలు, నారింజ మూత (100 రకం) సిరంజీలు మీ ఐసీయూలో ఒకే ట్రేలో ఉన్నాయా లేవా, రేపు వెళ్లి చూడండి. ఉంటే ఆ ట్రే సంగతి మీరే ఇన్సిడెంట్ రిపోర్టులో రాసి, రెండు రకాలూ ఒకే చోట ఉండకుండా చేయించండి. ఆ సిస్టర్‌కు మా "తోడు" సభ్యులు పది గంటలు ఇవ్వగలిగిన ధైర్యం కంటే, ఆ ట్రే మారడం ఎక్కువ ధైర్యం ఇస్తుంది. అయితే ఈ విశ్లేషణ ఆమెతో కూర్చున్న గదిలో చేయకూడదు. "నీ తప్పు కాదు, సిరంజిది" అని సభ్యురాలు అంటే అది తీర్పు అవుతుంది, తీర్పు చెప్పే అధికారం ఆమెకు లేదు.

సభ్యులకు కూడా ఎవరో ఒకరు కావాలి. నెలకొకసారి రెండు గంటలు, డ్యూటీ సమయంలోనే, బయటి నుంచి వచ్చే సైకాలజిస్టుతో కూర్చోనివ్వండి. అక్కడ కూడా పేర్లు చెప్పకూడదు. ఏడాది దాటాక ఎవరైనా ఇక చాలు అంటే కారణం అడగకుండా వదిలేయండి. కేసుకింత అని డబ్బు ఇవ్వాలన్న ఆలోచన వస్తే ఆపండి, డబ్బు ఇస్తే లెక్క కావాలి, లెక్క అంటే మళ్లీ రిజిస్టరు.

ఇక మీ సంగతి. మీరు ఇన్‌చార్జి, డ్యూటీ చార్టు వేసేది మీరే, ఆ సిస్టర్ పనితీరు ఫారం నింపేదీ మీరే. కాబట్టి మీరు సభ్యురాలిగా గాని సమన్వయకర్తగా గాని ఉండవద్దు. ఆ పనిని ఎవరి సెలవులూ మంజూరు చేయని ఒకరికి, ఫిజియోథెరపీ విభాగంలోనో ల్యాబ్‌లోనో ఉన్న సీనియర్‌కు ఇమ్మని యాజమాన్యానికి చెప్పండి. మీరు చేయగల పని వేరే ఉంది, అది మరెవరూ చేయలేరు. ఒక సిస్టర్ వచ్చి "మేడమ్, ఒక నలభై నిమిషాలు బయటికి వెళ్లి వస్తాను" అంటే ఎక్కడికని అడగకుండా, ఓవర్ (ఆమె రోగుల అప్పగింత) తీసుకుని, ఆమె రెండు మంచాలూ మీరే చూసుకోండి. తిరిగి వచ్చాక కళ్లు ఎర్రగా ఉన్నా చూడనట్టే ఉండి, ఐదో నంబరు ఇన్‌ఫ్యూజన్ మార్చానని చెప్పి ఫైలు చేతికివ్వండి.